నెలవారీ మెంబర్‌షిప్ పెడితే పూల్ క్లబ్ నిలబడుతుందా?

రెండు స్నూకర్, మూడు పూల్ టేబుళ్లున్నాయి, శని ఆదివారాలు తప్ప జనం ఉండరు, అద్దె ఎల్లడం లేదు, నెలకింత అని తీసుకుని ఎంతసేపైనా ఆడుకోనిద్దామా అని అడిగారు. వద్దండీ. నేను చేసి దెబ్బతిన్నాను.

తొమ్మిదేళ్లు క్లబ్ నడిపాను. రెండో ఏడాది అద్దె టెన్షన్‌లో ముప్పై మందికి అలాంటి మెంబర్‌షిప్ ఇచ్చాను. డబ్బు ఒక్కసారిగా చేతికొచ్చింది, ఆ నెల హాయిగా నిద్రపోయాను. తీరా చూస్తే అందరూ సాయంత్రం ఏడింటికే దిగేవారు. గంటకింత అని ఇచ్చి ఆడేవాళ్లు గోడకానుకుని కాసేపు చూసి, క్యూ (ఆడే కర్ర) ముట్టకుండానే వెళ్లిపోయేవారు. మధ్యాహ్నం మాత్రం మామూలే, ఈగలు తోలుకోవడం.

తర్వాత గంటల కార్డులు పెట్టాను. ఇరవై గంటలకు ముందే డబ్బు కట్టాలి. మధ్యాహ్నం గంట ఆడితే కార్డులో అరగంటే కోస్తాం, సాయంత్రం పూర్తి గంట. పని వేళలు అటూఇటూగా ఉన్నవాళ్లు, రిటైరైనవాళ్లు మెల్లగా పగటిపూటకు మారారు.

మీ దగ్గర ఓడినవాడే టేబుల్ డబ్బులు కట్టే పద్ధతి ఉందా? ఉంటే తీసేయండి. కొత్తవాడు ఎలాగూ ఓడతాడు, నాలుగుసార్లు కట్టి ఐదోసారి రాడు. నేను చెరిసగం చేశాక పాత ఆటగాళ్లు గొణిగారు కానీ ఎవరూ మానలేదు.

ఇంకోటి, రేటు. 12 అడుగుల స్నూకర్ టేబుల్ చుట్టూ క్యూ ఆడేంత చోటు కలిపితే సుమారు 22 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు పోతుంది. 9 అడుగుల పూల్ టేబుల్‌కు 18 బై 14 సరిపోతుంది. అంటే దాదాపు వంద చదరపు అడుగుల తేడా. రెండింటికీ ఒకే రేటు ఉంటే స్నూకర్ అద్దెను పూల్ మోస్తున్నట్టే.

ప్రతి గంట వసూలులో కొంత టేబుల్ మీది క్లాత్‌కూ, క్యూ కొనకుండే టిప్పులకూ, టేబుల్ లెవెలింగ్‌కూ పక్కన పెట్టండి. మెల్లగా వదిలిన బాల్ చివర్లో పక్కకు వాలితే, బాగా ఆడేవాడు మీతో గొడవపడడు, ఊరికే రావడం మానేస్తాడు. నాకది అర్థమయ్యేసరికి ముగ్గురు పోయారు.

వారం మధ్యలో ఒక రాత్రి హ్యాండిక్యాప్ లీగ్ పెట్టి చూడండి. స్నూకర్‌లో బలహీనుడికి ఇరవయ్యో ముప్పయ్యో పాయింట్లు ముందే ఇస్తే చాలు, ఆట చివర్లో కొట్టే నల్ల బాల్ దాకా వస్తుంది. మా మంగళవారం అలాగే నిండింది.