క్యూఈఎంయూలో "బూటింగ్ ఫ్రమ్ హార్డ్ డిస్క్" దగ్గరనే ఆగిపోతే

తమ్మీ, పాత డెస్క్‌టాప్ డిస్క్ ఇమేజ్ (డిస్క్ మొత్తం కాపీ ఫైల్) తీసి క్యూఈఎంయూల (కంప్యూటర్‌ల ఇంకో కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) నడిపిస్తే "బూటింగ్ ఫ్రమ్ హార్డ్ డిస్క్" అని వచ్చి ఆగిపోతుంది, గ్రబ్ (లినక్స్‌ను లేపే బూట్‌లోడర్) మళ్ల ఎక్కియ్యాల్నా అని అడిగినవ్ కదా. ఇప్పుడే గ్రబ్ జోలికి పోకు.

హన్మకొండల ఒక కాలేజీ లైబ్రరీ సిస్టం మదర్‌బోర్డు కాలిపోతే నాకు అచ్చం ఇదే అయింది. డెబియన్ లినక్స్ మీద కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ నడిచేది, డిస్క్ మంచిగనే ఉంది, డీడీ కమాండ్ కొట్టి ఇమేజ్ తీసి ల్యాప్‌టాప్‌ల పెడితే ఆ ఒక్క లైను తప్ప ఏం లేదు, లైబ్రేరియన్ సారేమో పక్కన కుర్చీ ఏసుకొని "పుస్తకాల లిస్టు వచ్చిందా" అని అడుగుడే అడుగుడు.

సంగతేందంటే క్యూఈఎంయూ ఏం చెప్పకపోతే సీబయోస్ అనే పాత బయోస్ తీరు ఫర్మ్‌వేర్‌తోని లేస్తది. అది డిస్క్ మొదటి 512 బైట్లు తెచ్చి మెమరీల 7సీ00 అడ్రస్ దగ్గర పెట్టి, చివర్ల 55 ఏఏ అనే బూట్ గుర్తు ఉంటే చాలు అండ్లకు దూకుతది, లోపల కోడ్ ఉందా లేదా దానికి అవసరం లేదు. యూఈఎఫ్‌ఐ (బయోస్ తర్వాత వచ్చిన కొత్త తీరు ఫర్మ్‌వేర్) మోడ్‌ల ఎక్కిచ్చిన జీపీటీ (కొత్త తీరు పార్టిషన్ టేబుల్) డిస్క్‌ల ఆ 55 ఏఏ ఉంటది గని గ్రబ్ అక్కడ ఉండదు, ఈఎస్‌పీ అనే బూట్ ఫైళ్ల పార్టిషన్‌ల ఫైల్ లెక్క ఉంటది. ఎఫ్‌డిస్క్ కమాండ్‌తోని ఇమేజ్ చూడు, "ఈఎఫ్‌ఐ సిస్టం" అని ఒక పార్టిషన్ కనవడ్తే నీది గీ కేసే. పార్టిషన్ టేబుల్ రకం "డాస్" (పాత తీరు) అని వస్తే వేరే ముచ్చట, అప్పుడు లైవ్ ఐఎస్‌ఓతోని లేపి సీహెచ్‌రూట్ చేసి (డిస్క్‌ల ఉన్న సిస్టంలకు పోయి) గ్రబ్ ఇన్‌స్టాల్ కొట్టాల్సిందే.

ముందుగాల అసలు ఇమేజ్ ముట్టకు, దానిమీద ఒక క్యూకౌ2 ఓవర్‌లే (మార్పులు మాత్రమే దాచే వేరే ఫైల్) చేసుకొని పని అంత అండ్లనే చెయ్యి, ఏమన్న ఖరాబైతే ఓవర్‌లే పారేస్తే అయిపాయె. తర్వాత ఓవీఎంఎఫ్ (క్యూఈఎంయూకు యూఈఎఫ్‌ఐ ఇచ్చే) ప్యాకేజీ ఎక్కియ్యి, అండ్ల కోడ్ ఫైల్, వార్స్ ఫైల్ అని రెండుంటయి, కోడ్‌ను రీడ్ ఓన్లీగ, వార్స్‌ను మాత్రం కాపీ తీసుకొని, రెండిట్ని క్యూఈఎంయూకు పీఫ్లాష్ (ఫర్మ్‌వేర్ చిప్ లెక్క) డ్రైవ్‌లుగ ఇయ్యాలె. బయోస్ ఆప్షన్‌కు ఒక్క ఫైల్ ఇచ్చినా లేస్తది గని బూట్ సెట్టింగులు సరిగ్గ నిలవయి.

ఇట్ల చేసినా గ్రబ్ రాక "షెల్" అని ఒక ప్రాంప్ట్ రావచ్చు, పరేషాన్ గాకు. "డెబియన్" అనే బూట్ ఎంట్రీ డిస్క్‌ల ఉండదు, మదర్‌బోర్డు ఎన్వీర్యామ్‌ల (సెట్టింగులు దాచే మెమరీ) ఉంటది, బోర్డుతోనే పోయింది. ఇల్లున్నది గని అడ్రస్ చీటీ కాలిపోయినట్టు. షెల్‌ల ఎఫ్‌ఎస్ సున్నా, కోలన్ కొట్టి ఎంటర్ చెయ్యి, ఈఎఫ్‌ఐ ఫోల్డర్‌లకు, అండ్ల డెబియన్ ఫోల్డర్‌లకు పోయి గ్రబ్‌ఎక్స్64 డాట్ ఈఎఫ్‌ఐ నడిపియ్యి, మెనూ ఠక్కున వస్తది. లోపలికి పోయినంక గ్రబ్ ఇన్‌స్టాల్‌ను "రిమూవబుల్" ఆప్షన్‌తోని ఒక్కసారి కొట్టు, అది ఈఎస్‌పీల బూట్ ఫోల్డర్‌ల బూట్‌ఎక్స్64 అనే పేరుతోని కాపీ పెడ్తది, ఎంట్రీ లేకున్నా ఫర్మ్‌వేర్ దాన్నే వెతుక్కుంటది.

ఇంకోటి, సిస్టం లేచినంక నెట్ రాకపోతే మళ్ల బూట్‌లోడర్‌ను తిట్టకు, క్యూఈఎంయూల నెట్‌వర్క్ కార్డు పేరు మారుతది, ఇంటర్ఫేసెస్ ఫైల్‌ల పాత పేరు తీసి కొత్తది రాయి, మా కోహా గట్లనే కనెక్ట్ అయింది.