బంగారు రేకు అద్దే ముందు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన షష్టిపూర్తి వంటకాల పట్టీ చూశాను. 200 మందికి మాడుగుల హల్వా, దాని మీద బంగారు రేకు, వచ్చినవారికి ఇచ్చే షర్బత్‌లో బంగారు తునకలు. ఒప్పుకున్నావు కాబట్టి వద్దనను. విశాఖపట్నం అల్లిపురంలో ముప్పై ఏళ్లు మిఠాయి కొట్టు నడిపినవాడిగా నాకు తెలిసింది చెబుతాను.

ముందు హల్వా సంగతి చూసుకో. బంగారానికి రుచి లేదు, వాసన లేదు. పాకం కుదరని హల్వాను అది కాపాడలేదు సరికదా, పైన పటారం లోన లొటారం అని చుట్టాలు నవ్వుకుంటారు. ఇంకొకటి, వంటకాల పట్టీలో ‘ఆరోగ్యానికి మంచిది’ అని రాయించమని షష్టిపూర్తి ఇంటివాళ్లు అడిగితే ఒప్పుకోకు. ఆయుర్వేదంలోని స్వర్ణభస్మం వేరు, ఈ రేకు వేరు. ఇది కడుపులో కరగదు, ఎలా వెళ్లిందో అలాగే బయటికి పోతుంది.

ఇక కొనడం. అసలు గండం ఇక్కడే ఉంది. ఒకసారి కేకుల సరుకులమ్మే కొట్టులో బంగారు పొడి చవకగా దొరుకుతోందని నాలుగు డబ్బాలు తెచ్చాను. ఇంటికొచ్చి కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే అడుగున చీమల్లాంటి అక్షరాలు: అలంకరణకు మాత్రమే. అమ్మినవాడిని నిలదీస్తే ‘అందరూ ఇదే వాడతారండీ’ అన్నాడు. అలాంటి పొడుల్లో కొన్నిటిలో ఉండేది రాగి, ఇత్తడి. 2018లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో పుట్టినరోజు కేకు మీద చల్లిన బంగారు రంగు పొడి వల్ల ఆరుగురు పిల్లలకు వాంతులయ్యాయి. పరీక్షిస్తే అందులో ఉన్నది రాగి. ‘విషం లేదు’ అని రాసి ఉన్నంత మాత్రాన తినవచ్చని కాదు. తినదగినదని స్పష్టంగా ఉండాలి, లోపల ఏముందో రాసి ఉండాలి. ఆహారంలో వాడే బంగారానికి అంతర్జాతీయ సంఖ్య ఇ175, వెండికి ఇ174. రేకైతే 24 క్యారెట్లదే అడుగు. కురుపాం మార్కెట్లో తెలిసిన కంసాలి ఉన్నాడు కదా, నగల తుక్కు పొడి చేసి ఇస్తాడని మీ అత్తయ్య అంటోంది. ఆ మాట వినకు. 916 నగలో వెయ్యికి 84 పాళ్లు రాగి, వెండి లాంటి వేరే లోహాలే, పైగా అతుకులకు వాడింది ఏమిటో ఎవరికి తెలుసు?

శాకాహారుల ఇల్లు అన్నావు కాబట్టి ఇంకో మాట. పూర్వం ఈ రేకులను ఎద్దు పేగు పొరల మధ్య పెట్టి సుత్తితో సాగగొట్టేవారు. వెండి రేకు తయారీలో జంతు సంబంధమైనదేదీ వాడకూడదని 2016లో మన దేశంలో నిబంధన వచ్చింది. బంగారు రేకు కొనేటప్పుడు కూడా ఆ ప్రశ్న అడుగు. వాళ్లు అడగకముందే నీ దగ్గర జవాబు ఉండాలి.

లెక్క చూస్తే భయపడేంత ఏమీ లేదు. ఎనిమిది సెంటీమీటర్ల చదరపు రేకు మందం దాదాపు మిల్లీమీటరులో పదివేలవ వంతు. తూకం 12 మిల్లీగ్రాములకు అటూ ఇటూ. దాన్ని 16 ముక్కలు చేస్తే ఒక్కో దానిలో మిల్లీగ్రాము కూడా ఉండదు, చూసేవాళ్లకు మాత్రం నిండుగా కనిపిస్తుంది. 200 ముక్కలకు 13 రేకులు చాలు. నువ్వు 20 కొను, మొదట్లో చేతిలో కొన్ని నలిగిపోతాయి.

మన ఊరి గాలి, తేమ ఈ పనికి శత్రువులు. బీచ్ రోడ్డు దగ్గర ఒక పెళ్లిలో ఆరుబయట బల్ల వేసుకుని అద్దబోయాను. కాగితాల మధ్య రేకులు పెట్టి అమ్మే పుస్తకం తెరవగానే సముద్రం వైపు నుంచి గాలి వీచింది. ఏడెనిమిది రేకులు ఎగిరి పెళ్లికొడుకు మేనత్త పట్టుచీర మీద వాలాయి. ఆవిడ మురిసిపోయింది, డబ్బు ఇచ్చిన ఆసామి మాత్రం మురవలేదు. కాబట్టి తలుపులు మూసి, ఫ్యాను ఆపి, లోపలి గదిలోనే చెయ్యి. వేలితో ముట్టుకున్నావా, చెమటకు అంటుకుని ఇక వదలదు. పొడి కుంచె, సన్నని పట్టకారు వాడు. చెయ్యి తిరిగేదాకా, కాగితానికి అంటించి అమ్మే రేకులు తీసుకో. ముక్క మీద బోర్లించి మెల్లగా రుద్ది కాగితం లాగెయ్యడమే.

హల్వా ముదురు రంగుది కాబట్టి బంగారం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెల్లని కొబ్బరి లౌజు మీదైతే వెలవెలబోతుంది. కానీ హల్వా మీద నెయ్యి తేలుతుంది, తేలిన చోట రేకు జారుతుంది. ముక్కలు పూర్తిగా చల్లారాక, పైన శుభ్రమైన గుడ్డతో అద్ది నెయ్యి తీసి, ఆ తర్వాతే అతికించు. వేడి మీద పెడితే ముడతలు పడుతుంది. ముందురోజే అద్ది పెట్టినా బంగారం నల్లబడదు, వెండైతే ఆ ధీమా పనికిరాదు.

షర్బత్‌కు పాలు కలిసినవి వద్దు, తునకలు కనబడవు. సుగంధి షర్బత్ గాజు గ్లాసుల్లో పోసి, అందించే ముందు చిటికెడు వేసి ఒక్కసారి కలుపు. పాకం కాస్త చిక్కగా ఉంటేనే అవి మధ్యలో తిరుగుతాయి, పలచనైతే త్వరగా అడుగుకు దిగిపోతాయి. వీటి కోసం వేరే సీసా కొనకు. హల్వా దగ్గర నలిగిపోయిన రేకులన్నీ ఒక పొడి డబ్బాలో వేసి ఉంచు, షర్బత్‌కు అవే సరిపోతాయి.

మీ మామయ్య