బెర్లిన్‌లో సంగటి వండుకోవచ్చా?

ప్రశ్న: మే నెలలో మేమిద్దరం నాలుగు రాత్రులకు బెర్లిన్ వెళ్తున్నాం. చవకలో వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ చూశాం. ఏమేం తీసుకుపోవాలి? - ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: రాగిపిండి, శనగపొడి, కారం తీసుకుపోండమ్మా, ఇబ్బంది లేదు. నెయ్యి మాత్రం వద్దు. బయటి దేశాల పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు. పచ్చి కరివేపాకుకూ సర్టిఫికెట్ అడుగుతారు.

అక్కడ గ్యాస్ అరుదు, ఎక్కువగా కరెంటు పొయ్యే. గుండ్రటి అడుగున్న బాండలి దాని మీద నిలవదు, వేడీ అందదు. అడుగు చదునుగా ఉన్న గిన్నె కావాలి. ఇండక్షన్ అయితే అల్యూమినియం గిన్నె అసలు వేడెక్కదు. తిరగమాత పొగకు అలారం మోగుతుంది. కాబట్టి నూనె మరీ కాగనివ్వకుండా, కిటికీ తీసి పెట్టండి. సంగటి కెలకడం రాత్రి పదిలోపే ముగించండి, ఆ తర్వాత చప్పుడు చేస్తే పక్కింటివాళ్లు తలుపు కొడతారు.

ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. శనివారమే పాలు, కూరగాయలు కొనుక్కోండి. మరిచిపోతే ప్రధాన రైల్వేస్టేషన్‌లో దొరుకుతాయి. ప్లాస్టిక్ నీళ్ల సీసా మీద 25 సెంట్ల డిపాజిట్ ఉంటుంది, ఖాళీ సీసా నలపకుండా దుకాణంలోని మిషన్‌లో వేస్తే తిరిగొస్తుంది.

మన మూడు పిన్నుల ప్లగ్గు పట్టదు, అడాప్టర్ కావాలి. అద్దె మీద 7.5 శాతం నగర పన్ను, చివర్లో క్లీనింగ్ ఫీజు కలుస్తాయేమో బుకింగ్‌కు ముందే చూడండి. చవక వాటిలో రాత్రి రిసెప్షన్ ఉండకపోవచ్చు. తాళంచెవి ఉంచే పెట్టె తెరిచే కోడ్ ముందే రాసిపెట్టుకోండి.