“కేస్ షీట్ ఇవ్వం, కోర్టు ఆర్డరు తెండి” అంటున్నారు

సందేహం: మా అమ్మకు 62 ఏళ్లు. మొన్న ఫిబ్రవరిలో గుండెనొప్పి వస్తే విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించి స్టెంట్ వేయించాం. 2,80,000 రూపాయలు అయింది. ఆరోగ్య బీమా మూడేళ్లుగా కడుతున్నాం. క్లెయిము పెడితే “ఎనిమిదేళ్లుగా షుగరు ఉన్నట్టు ఆసుపత్రి రికార్డులో ఉంది, పాలసీ తీసుకునేటప్పుడు దాచారు” అని తిప్పికొట్టారు. నిజానికి అమ్మకు షుగరు బయటపడిందే ఆసుపత్రిలో చేరడానికి ఎనిమిది నెలల ముందు. డిశ్చార్జి సమ్మరీలో ఏళ్ల లెక్కే లేదు. కేస్ షీట్ చూపించమంటే “అది ఆసుపత్రి ఆస్తి, పేషెంట్లకు ఇవ్వం, కోర్టు ఆర్డరు తెండి” అంటున్నారు. అలా అనొచ్చా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: అనకూడదు. “ఆసుపత్రి ఆస్తి” అన్న మాటలో సగం నిజం ఉంది, అందుకే అందరూ అక్కడే ఆగిపోయి వెనక్కి వస్తారు. ఒరిజినల్ కాగితాలు ఆసుపత్రి దగ్గరే ఉండాలి, ఉంచడం వాళ్ల బాధ్యత కూడా. కాపీ మాత్రం మీ అమ్మగారి హక్కు. డాక్టర్ల వృత్తి ప్రవర్తనపై భారత వైద్య మండలి 2002లో తెచ్చిన నిబంధనల్లో 1.3 చూడండి. ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు భద్రపరచాలి. పేషెంటు గానీ, పేషెంటు అధికారమిచ్చిన మనిషి గానీ అడిగితే అడిగినట్టు రసీదు ఇచ్చి, 72 గంటల్లో కాపీలు ఇవ్వాలి. ఇవ్వకపోతే 7.2 ప్రకారం అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన. కోర్టు ఆర్డరు అన్న షరతు అందులో ఎక్కడా లేదు. పేషెంటుకు కేస్ పేపర్లు ఇవ్వాల్సిందేనని బొంబాయి హైకోర్టు 1996లోనే చెప్పింది.

“2002 నిబంధనలు పోయాయి, 2023లో కొత్తవి వచ్చాయి” అని ఎవరైనా అనొచ్చు. వచ్చిన మాట నిజమే. జాతీయ వైద్య కమిషన్ వాటిని వచ్చిన నెలలోనే పక్కన పెట్టి, మళ్లీ పాతవాటినే అమల్లోకి తెచ్చింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ నిబంధనలు కట్టేసేది డాక్టరును, ఆసుపత్రి కంపెనీని కాదు. అందుకే అర్జీని మెడికల్ సూపరింటెండెంటు పేరుతో పాటు స్టెంట్ వేసిన డాక్టరు పేరున కూడా రాయండి. సంతకం మీ అమ్మగారిదే ఉండాలి. ఆవిడ స్పృహలో, మాట మీద ఉన్నంతవరకు కొడుకుగా మీకున్న చొరవ చట్టం ముందు పెద్దగా పనిచేయదు. మీరు తెచ్చుకోవాలంటే “మా అబ్బాయికి ఇవ్వండి” అని అధికార పత్రం రాయించి, ఇద్దరి ఆధార్ నకళ్లు జత చేయండి. (పేషెంటు చనిపోయిన కేసుల్లో మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రంతో వారసులు అడగొచ్చు.) యూహెచ్‌ఐడీ నంబరు (ఆసుపత్రి పేషెంటుకిచ్చే గుర్తింపు నంబరు), ఐపీ నంబరు (ఇన్‌పేషెంట్ నంబరు), చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ రాయండి. నోటి మాటగా కౌంటరులో ఎన్నిసార్లు అడిగినా 72 గంటల గడియారం కదలదు. రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్టు రుజువు దాచుకోండి, ఈమెయిల్ కూడా కొట్టండి. జిరాక్సు ఖర్చు అడిగితే కట్టేసి రసీదు తీసుకోండి, అక్కడ గొడవ పెట్టుకోవద్దు.

“కేస్ షీట్ ఇవ్వండి” అని ఒక్క ముక్క రాస్తే డిశ్చార్జి సమ్మరీనే మళ్లీ జిరాక్సు తీసి చేతిలో పెడతారు. ఏమేం కావాలో పేరుపేరునా రాయండి: క్యాజువాలిటీ నోట్సు, అడ్మిషన్ రోజు డ్యూటీ డాక్టరు రాసిన హిస్టరీ పేజీ, రోజువారీ డాక్టర్ల నోట్సు, నర్సుల చార్టు, మందుల చార్టు, సమ్మతి పత్రాలు, యాంజియోగ్రామ్ రిపోర్టు, దాని సీడీ, స్టెంట్ స్టిక్కరు, ల్యాబు రిపోర్టులు. బీమా కంపెనీ అడిగితే ఆసుపత్రి ఇచ్చిన లేఖలు ఏవైనా ఉంటే అవి కూడా.

మీ కేసు అంతా ఆ హిస్టరీ పేజీలోనే ఉందని నా అనుమానం. అర్ధరాత్రి క్యాజువాలిటీలో కుర్ర డాక్టరు “షుగరు ఎప్పట్నుంచి?” అంటాడు. స్ట్రెచరు పక్కన ఉన్నవాళ్లు కంగారులో “ఎనిమిది అవుతుందండీ” అంటారు. ఏళ్లా నెలలా అన్నది ఆయన కలానికి వదిలేసినట్టే. ఇంకో సంగతి, డాక్టర్ల రాతలో 8/12 అంటే తేదీ కాదు, ఎనిమిది నెలలు. 8/52 అంటే ఎనిమిది వారాలు, 8/7 అంటే ఎనిమిది రోజులు. క్లెయిములు చూసే గుమాస్తాకు ఆ సంకేతం తెలియకపోతే ఎనిమిది ఒక్కటే కనిపిస్తుంది. డీఎం అంటే షుగరు, హెచ్‌టీఎన్ అంటే బీపీ. వాటి పక్కన ఉన్న అంకెనూ, దాని తర్వాతి అక్షరాన్నీ భూతద్దం పెట్టి చూడండి. వై (ఏళ్లు) ఉందా, ఎం (నెలలు) ఉందా? అదే హిస్టరీ వేరే పేజీలో వేరేగా ఉందా? ఉంటే మీకు సగం పని అయిపోయినట్టే.

నిజంగానే తప్పుగా “8 ఏళ్లు” అని రాసి ఉంటే మాత్రం ఒక పని చేయొద్దు. “కాస్త దిద్దేయండి సార్” అని బతిమాలకండి. దిద్దిన కేస్ షీట్ మీ కేసును చంపుతుంది, దిద్దిన డాక్టరునూ ఇరికిస్తుంది. మొదటి రాత అలాగే ఉంచి, హిస్టరీ నమోదులో పొరపాటు జరిగిందని చికిత్స చేసిన డాక్టరు విడిగా లెటర్‌హెడ్ మీద తేదీ వేసి వివరణ ఇవ్వాలి. ఆయన ఇవ్వాలంటే మీ దగ్గర ఆధారం కావాలి: షుగరు మొదటిసారి బయటపడ్డ రోజు ప్రిస్క్రిప్షను, అంతకుముందు ఏడాదుల్లో షుగరు మామూలుగా ఉన్న ల్యాబు కాగితాలు. హెచ్‌బీఏ1సీ పరీక్షను చాలామంది తురుపు ముక్క అనుకుంటారు. అది గడిచిన రెండు మూడు నెలల షుగరు సగటే చెబుతుంది, జబ్బు వయసు చెప్పదు.

ఆసుపత్రితో తేలేలోపు బీమా కంపెనీ మీద కూడా కన్నేయండి. వాళ్లు ఏ పేజీ చూసి తిరస్కరించారో ఆ పేజీ నకలు పంపమని కంపెనీ ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాయండి. ఆసుపత్రి మీకివ్వని కాగితం చాలాసార్లు అక్కడి నుంచే బయటికొస్తుంది! నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఆ తర్వాత ఏడాదిలోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. 50 లక్షల దాకా వింటారు, ఫీజు లేదు, రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ ఆఫీసు కిందికే వస్తాయి. లాయర్లకు అక్కడ ప్రవేశం లేదు, మీరే మాట్లాడుకోవాలి (నా వృత్తికి నష్టమే అయినా చెబుతున్నాను). అదే క్లెయిము మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ ముట్టుకోరు కాబట్టి, ముందు ఇటు వెళ్లి, కుదరకపోతేనే అటు వెళ్లండి. మీ పాలసీ వరసగా ఐదేళ్లు నిండి ఉంటే, మోసం రుజువైతే తప్ప, దాచారన్న కారణంతో క్లెయిము ఆపడానికే వీలుండేది కాదు. మీది మూడేళ్లదే కావడంతో ఆ దారి లేదు.

72 గంటలు దాటినా ఆసుపత్రి కదలకపోతే డాక్టరు మీద రాష్ట్ర వైద్య మండలికి, ఆసుపత్రి మీద విశాఖ జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి ఫిర్యాదు చేయండి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషను 2002 నాటి రాష్ట్ర చట్టం కింద ఆ ఆఫీసు చేతిలోనే ఉంటుంది. ఆ పేరు లేఖలో కనిపించగానే మెడికల్ రికార్డ్స్ సెక్షనులో అలమర తాళం దొరకడం నేను చాలాసార్లు చూశాను. అప్పటికీ కాకపోతే రికార్డు ఇవ్వకపోవడమే సేవాలోపమని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు. గడువు రెండేళ్లు. మీరు కట్టింది 5 లక్షల లోపే కాబట్టి కోర్టు ఫీజు లేదు. చేతిలో ఉన్న సాక్ష్యాన్ని దాచినవాళ్లకు అది వ్యతిరేకంగానే ఉండి ఉంటుందని కోర్టు ఊహించుకోవచ్చు, భారతీయ సాక్ష్య అధినియంలో 119వ సెక్షన్ ఉన్నది అందుకే. నోటీసులో ఆ ఒక్క వాక్యం మరిచిపోకండి.

ఇదే పని ప్రభుత్వాసుపత్రిలో అయితే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో తేలాలి.

అర్జీ ఈ వారంలోనే ఇవ్వండి. ఫిబ్రవరి కేసే కాబట్టి మూడేళ్ల భయం లేదు గానీ, డ్యూటీ డాక్టర్లు ఆసుపత్రులు మారిపోతుంటారు. వివరణ రాయాల్సిన మనిషి అక్కడ ఉండగానే అడగడం మేలు.