సర్వర్ల నెట్‌వర్క్ బూట్‌ను కుబర్నెటిస్ కంట్రోలర్‌కు అప్పగించవచ్చా?

మీరు అడిగింది ఇదీ: ర్యాక్‌లో పాతిక ముప్పై సర్వర్లున్నాయి, ఒక్కోదాని మ్యాక్ అడ్రస్‌ని (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబర్) డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న నెట్‌వర్క్ సర్వర్ ప్రోగ్రామ్ ఫైల్లో చేత్తో రాసుకుని పీఎక్స్‌ఈతో, అంటే నెట్‌వర్క్ నుంచి బూట్ చేసే పద్ధతితో, ఓఎస్ ఎక్కిస్తున్నారు, ఈ పనంతా కుబర్నెటిస్‌లో (చాలా మెషిన్ల మీద కంటైనర్లను నడిపే వ్యవస్థ) ఒక కంట్రోలర్, అంటే కావాల్సిన స్థితికీ ఉన్న స్థితికీ తేడా చూసి సరిచేసే ప్రోగ్రామ్, చేసేలా పెట్టవచ్చా అని. పెట్టవచ్చు. మా టీమ్‌లో కొన్నేళ్లుగా ఇలాగే నడుస్తోంది.

ఈ పని మొదలుపెట్టే వాళ్లలో చాలామంది ముందు ఫైళ్లు ఎలా సర్వ్ చేయాలన్న దాని మీద పడతారు. అది తేలికే. ఈ మెషిన్ ఇప్పుడు నెట్‌వర్క్ నుంచి లేవాలా, డిస్క్ నుంచి లేవాలా అన్న నిర్ణయం ఎవరి చేతిలో ఉండాలో ముందు తేల్చుకోండి. ఒక పాత క్లయింట్ దగ్గర బూట్ ఆర్డర్‌లో నెట్‌వర్క్ ముందుండేది, ఇన్‌స్టాల్ అయిపోయాక మ్యాక్ లైన్ తీసేయడం మనుషుల పని. ఒకసారి ర్యామ్ మార్చడానికి డేటాబేస్ సర్వర్‌ని ఆపి మళ్లీ ఆన్ చేశారు. ఆ లైన్ అలాగే ఉంది. సర్వర్ బుద్ధిగా ఇన్‌స్టాలర్‌లోకి వెళ్లి డిస్క్ మొత్తం తుడిచేసింది. కంట్రోలర్ రాయడానికి నా దృష్టిలో ఇదొక్క కారణం చాలు.

అందుకే మేం ప్రతి సర్వర్‌కీ ఒక కస్టమ్ రిసోర్స్, అంటే కుబర్నెటిస్‌లో మనమే నిర్వచించుకునే రికార్డు, పెట్టాం. అందులో స్పెక్ అనే భాగంలో మ్యాక్, ఐపీ, బీఎంసీ (సర్వర్‌ని దూరం నుంచి ఆన్, ఆఫ్ చేయనిచ్చే చిన్న కంట్రోల్ చిప్) అడ్రస్, కావాల్సిన ఓఎస్ ఇమేజ్. స్టేటస్‌లో ఇప్పుడున్న ఇమేజ్, ఏ దశలో ఉందన్నది. రెండు ఇమేజ్‌లూ వేరైతే కంట్రోలర్ దశను ‘ఇన్‌స్టాలింగ్’గా మార్చి, రెడ్‌ఫిష్ (బీఎంసీతో మాట్లాడే ప్రామాణిక ఏపీఐ) ద్వారా బీఎంసీకి ‘వచ్చే ఒక్క బూట్ మాత్రమే పీఎక్స్‌ఈ’ అని చెప్పి, పవర్ సైకిల్ చేస్తుంది. మామూలు బూట్ ఆర్డర్‌లో డిస్కే ముందుంటుంది. కొన్ని బీఎంసీ ఫర్మ్‌వేర్‌లు ఆ ‘ఒక్కసారే’ అన్న మాటను పట్టించుకోవు, కాబట్టి దాని మీదే ఆధారపడకండి. ఐపీఎక్స్‌ఈ (పీఎక్స్‌ఈ దించి నడిపే, స్క్రిప్ట్‌లు తెలిసిన బూట్ ప్రోగ్రామ్) తన స్క్రిప్ట్ కావాలని అడిగిన ప్రతిసారీ కంట్రోలర్ స్టేటస్ చూసి జవాబివ్వాలి: దశ ‘ఇన్‌స్టాలింగ్’ అయితేనే ఇన్‌స్టాలర్, లేకపోతే ఎగ్జిట్. యూఈఎఫ్‌ఐలో (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్) ఎగ్జిట్ ఇస్తే తర్వాతి బూట్ ఎంట్రీకి వెళ్తుంది. పాత బయోస్ మెషిన్లు కొన్ని అక్కడే ఆగిపోతాయి, వాటికి ఐపీఎక్స్‌ఈలోనే ఉన్న, డిస్క్ నుంచి నేరుగా లేపే శాన్‌బూట్ కమాండ్ వాడాం. పని అయ్యాక ఇన్‌స్టాలరే తిరిగి కబురు పంపుతుంది, అప్పుడు స్టేటస్ మారుతుంది. కంట్రోలర్ పడిపోయి ఏ జవాబూ రాకపోయినా మెషిన్ కాసేపు చూసి డిస్క్ నుంచే లేస్తుంది. మౌనం అంటే డిస్క్, ఈ నియమాన్ని ఎక్కడా తప్పనివ్వకండి.

ఇక నెట్‌వర్క్. మీకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. డీహెచ్‌సీపీ (మెషిన్‌కు ఐపీ, బూట్ వివరాలు ఇచ్చే ప్రోటోకాల్) మొదటి ప్యాకెట్ బ్రాడ్‌కాస్ట్, అంటే నెట్‌వర్క్‌లో అందరికీ వెళ్లేది, అది మామూలు పాడ్ (కుబర్నెటిస్‌లో కంటైనర్లు నడిచే యూనిట్) నెట్‌వర్క్‌లోకి రాదు. పాడ్‌ని హోస్ట్ నెట్‌వర్క్ మీద నడపండి, లేదా స్విచ్‌లో, ఆ ప్యాకెట్‌ని నేరుగా మీ సర్వర్‌కు పంపే డీహెచ్‌సీపీ రిలే పెట్టండి. ఐపీలు కస్టమ్ రిసోర్స్‌లోనే రాసి ఉంటాయి కాబట్టి లీజ్ ఫైల్ (ఎవరికి ఏ ఐపీ ఇచ్చామన్న జాబితా) అక్కర్లేదు, రెండు పాడ్‌లు జవాబిచ్చినా ఒకే జవాబు వస్తుంది. డీహెచ్‌సీపీ వేరే టీమ్ చేతిలో ఉంటే ప్రాక్సీ డీహెచ్‌సీపీ వాడండి. అది ఐపీ ఇవ్వదు, బూట్ వివరాలు మాత్రమే ఇస్తుంది.

బూట్ ఫైళ్లు పంపే టీఎఫ్‌టీపీని మామూలు కుబర్నెటిస్ సర్వీస్ (పాడ్‌ల ముందుండే ఉమ్మడి అడ్రస్) వెనక పెడితే కన్సోల్‌లో ‘పీఎక్స్‌ఈ-ఈ32: టీఎఫ్‌టీపీ ఓపెన్ టైమౌట్’ అని వస్తుంది. పాడ్ లాగ్ చూస్తే రిక్వెస్ట్ వచ్చినట్టే ఉంటుంది, ఫైల్ పంపినట్టే ఉంటుంది. ప్యాకెట్లు చూపించే టీసీపీడంప్ పెడితే తెలుస్తుంది: రిక్వెస్ట్ 69వ పోర్టుకు వెళ్లింది, జవాబు మాత్రం కొత్త పోర్టు నుంచి బయల్దేరింది. టీఎఫ్‌టీపీ పద్ధతే అది. మధ్యలో నాట్‌కి (అడ్రస్‌లు మార్చి పంపేది) ఆ కొత్త పోర్టు సంగతి తెలియదు, జవాబు వేరే అడ్రస్ నుంచి వచ్చినట్టు కనిపిస్తుంది, బూట్ అవుతున్న సర్వర్ దాన్ని పారేస్తుంది. ఇక్కడ కూడా హోస్ట్ నెట్‌వర్కే మందు. టీఎఫ్‌టీపీతో ఐపీఎక్స్‌ఈ బైనరీ ఒక్కటే దించండి, కెర్నల్, ఇనిట్‌ఆర్‌డీ (కెర్నల్‌తో పాటు లోడయ్యే తొలి ఫైల్‌సిస్టమ్) రెండూ హెచ్‌టీటీపీలో పంపండి. టీఎఫ్‌టీపీలో మామూలు బ్లాక్ 512 బైట్లే, బ్లాక్ నంబర్ 16 బిట్లే. అంటే 32 ఎంబీ దాటితే నంబర్లు మళ్లీ మొదటికొస్తాయి, అది కొన్ని క్లయింట్లకు చేతకాదు.

ఏ బైనరీ పంపాలన్నది డీహెచ్‌సీపీ ఆప్షన్ 93 చెబుతుంది: 0 అయితే బయోస్, 7 అయితే 64 బిట్ ఎక్స్86 యూఈఎఫ్‌ఐ, 11 అయితే ఆర్మ్64. ఆప్షన్ 77లో ‘ఐపీఎక్స్‌ఈ’ అని ఉంటే బైనరీ కాకుండా స్క్రిప్ట్ యూఆర్ఎల్ ఇవ్వాలి, లేకపోతే ఐపీఎక్స్‌ఈ తననే తాను మళ్లీ మళ్లీ దించుకుంటూ కూర్చుంటుంది. స్విచ్ పోర్టుల్లో పోర్ట్‌ఫాస్ట్ (పోర్టు వెంటనే తెరుచుకునే సెట్టింగ్) ఆన్ చేయించండి. మామూలు స్పానింగ్ ట్రీలో (నెట్‌వర్క్ లూప్‌లు ఆపే పద్ధతి) పోర్టు తెరుచుకోవడానికి 30 సెకన్లు పడుతుంది, ఈలోపు పీఎక్స్‌ఈ విసిగి వదిలేయవచ్చు.

బీఎంసీ పాస్‌వర్డ్‌లు కుబర్నెటిస్ సీక్రెట్‌లో పెట్టండి. క్లౌడ్‌ఇనిట్ (మొదటి బూట్‌లో మెషిన్‌ని అమర్చే ప్రోగ్రామ్) డేటాని మ్యాక్ చూసి ఇచ్చేయకుండా ఒక్కసారి మాత్రమే పనిచేసే టోకెన్‌తో ఇవ్వండి, ఆ వీల్యాన్‌లో (స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్) ఎవరైనా వేరేవాళ్ల మ్యాక్ చెప్పి అడగవచ్చు. కంట్రోలర్ ఉన్న క్లస్టర్ తన బూట్ కోసం తన మీదే ఆధారపడకూడదు. కరెంటు పోయి అన్నీ ఒకేసారి లేచే రోజున అది ముందే లేచి ఉండాలి. మేం దాన్ని విడిగా, యూఎస్‌బీతో ఇన్‌స్టాల్ చేసిన చిన్న క్లస్టర్‌గా ఉంచాం.

డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీ సర్వర్లు మీరే రాయాల్సిన పని లేదు. టింకర్‌బెల్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఇవన్నీ ఉన్నాయి, ఒక్కో మెషిన్‌కి నెట్‌వర్క్ బూట్ అనుమతించాలా వద్దా అని చెప్పే ఫీల్డ్ కూడా ఉంది. ఇలాంటిదే ఇంకో ప్రాజెక్టు మెటల్3 అయితే లోపల ఐరానిక్ (ఓపెన్‌స్టాక్ వాళ్ల సర్వర్ ఇన్‌స్టాల్ సాఫ్ట్‌వేర్) వాడుతుంది, బీఎంసీలో వర్చువల్ మీడియా (దూరం నుంచి డిస్క్ తగిలించే సౌకర్యం) ఉంటే పీఎక్స్‌ఈ లేకుండానే ఐఎస్ఓ తగిలించి బూట్ చేస్తుంది. మీ సర్వర్లు కొత్తవైతే నేను మొదట దాన్నే ప్రయత్నిస్తాను, పైన చెప్పిన డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీ గొడవలో ఎక్కువ భాగం పోతుంది.

మీ బీఎంసీల్లో రెడ్‌ఫిష్ ఉందా, పాత పద్ధతి ఐపీఎంఐ మాత్రమేనా? సెక్యూర్ బూట్ (సైన్ చేసిన ప్రోగ్రామ్‌లనే లేవనిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉందా? ఉంటే సైన్ చేయని ఐపీఎక్స్‌ఈ లేవదు, సైన్ చేసిన బూట్‌లోడర్లు షిమ్, గ్రబ్ దారిలో వెళ్లవచ్చు. ఈ రెండూ చెబితే మీకు ఏది నప్పుతుందో ఇంకాస్త వివరంగా రాస్తాను.