శాంక్షన్: మంజూరా, ఆంక్షా?

ప్రశ్న: ‘లోన్ శాంక్షన్ అయింది’ అంటే శుభవార్త. ‘రష్యాపై శాంక్షన్లు’ అంటే శిక్ష. ఒకే మాటకు ఇలా ఎదురెదురు అర్థాలేమిటి? ఎలా పోల్చుకోవాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మూలం లాటిన్. అక్కడది శాసనాన్ని ఖాయం చేయడం. శాసనం ఒకదానికి ఆమోదముద్ర వేస్తుంది, మీరినవాడికి దండన చెబుతుంది. ఇంగ్లీషు రెండింటినీ ఉంచేసుకుంది.

బహువచనంలో, పక్కన ‘ఆన్’ లేదా ‘అగెనెస్ట్’ ఉంటే దాదాపు ఎప్పుడూ ఆంక్షలే. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా మనపై పెట్టినవి ఇవే. ఏకవచనంలో ‘ఫర్’ వస్తే అనుమతి: 1988 అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 19 ప్రకారం ప్రభుత్వోద్యోగిపై కేసును కోర్టు స్వీకరించాలంటే ‘శాంక్షన్ ఫర్ ప్రాసిక్యూషన్’ ఉండాలి. ఇంజినీరింగ్ శాఖల్లో ‘టెక్నికల్ శాంక్షన్’ అంటే అంచనాలకు సాంకేతిక ఆమోదం.

అసలు తంటా ‘శాంక్షన్డ్’తో. ‘శాంక్షన్డ్ పోస్టులు’ మంజూరైనవి, ‘శాంక్షన్డ్ బ్యాంక్’ మాత్రం ఆంక్షల పాలైనది. దాన్ని ‘అనుమతి పొందిన బ్యాంకు’ అని రాస్తే వార్త తలకిందులవుతుంది. ఇక్కడ వ్యాకరణం ఆదుకోదు, ఎవరు ఎవరిని అన్నదే చూడాలి. అనువాదకులు అనుమానమొస్తే వాక్యాన్ని ‘ఆమోదించిన’తో ఒకసారి, ‘ఆంక్షలు విధించిన’తో ఒకసారి చదివి చూడండి.

అన్నట్టు, లోన్ శాంక్షన్ లెటర్ వచ్చినంత మాత్రాన డబ్బు చేతికొచ్చినట్టు కాదు. పత్రాల లీగల్ పరిశీలనలో తేడా కనిపిస్తే బ్యాంకు సొమ్ము విడుదల ఆపేయవచ్చు. కాబట్టి ఆ లెటర్ చూసుకుని అమ్మకందారుకు పెద్ద మొత్తం అడ్వాన్సు ఇవ్వకండి.