పాప పెదవి మీది పొక్కులు కుందేళ్లకు అంటుకుంటాయా?

ప్రశ్న: మా ఇంట్లో రెండు కుందేళ్లు ఉన్నాయి. వారం రోజులుగా అందరికీ జలుబు, జ్వరం. ఆరేళ్ల మా పాపకు పెదవి అంచున నీటి పొక్కులు కూడా వచ్చాయి. తను రోజూ కుందేళ్లను ముద్దు పెట్టుకుంటుంది. నిన్నటి నుంచి ఒక కుందేలు తుమ్ముతోంది. మా జబ్బులు వాటికి సోకుతాయా? పాపకు రాసిన యాంటీబయాటిక్ సిరప్ దానికీ కొద్దిగా పట్టవచ్చా?

సమాధానం: ముందుగా మీ చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను. ఆ సిరప్ ఒక్క చుక్క కూడా పట్టకండి. పిల్లలకు తరచుగా రాసే అమాక్సిసిలిన్ వంటి మందు నోటి ద్వారా వెళితే, కుందేలు పేగుల్లో గడ్డిని అరిగించే మేలైన బ్యాక్టీరియా నశించి, ఆ చోట విషాన్ని విడుదల చేసే క్లాస్ట్రీడియం పెరుగుతుంది. దానితో విరేచనాలు పట్టుకుని ప్రాణం పోయే ప్రమాదం ఉంది.

మనకు మామూలుగా జలుబు తెచ్చే వైరస్‌ల గురించి మీరు పెద్దగా భయపడనక్కర్లేదు. కుందేళ్ల తుమ్ములకు చాలావరకు పాశ్చురెల్లా, బోర్డెటెల్లా వంటి బ్యాక్టీరియా గానీ, దుమ్ము పట్టిన ఎండుగడ్డి, శుభ్రం చేయని బోనులోని మూత్రపు ఘాటు గానీ కారణమవుతాయి. కోవిడ్ వైరస్‌ను ప్రయోగశాలలో కుందేళ్లకు ఎక్కించినప్పుడు అవి జబ్బు పడకపోయినా, కొన్ని రోజులు వాటి ముక్కులో వైరస్ కనిపించింది.

నాకు ఆందోళన కలిగిస్తున్నది పాప పెదవి మీది పొక్కులు. కొన్ని ఇళ్లలో పురుగు పాకిందని పసుపు రాసి ఊరుకుంటారు గానీ, ఇలాంటి పొక్కులకు ఎక్కువగా కారణం హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్. మనిషికి వారం పది రోజుల్లో మానిపోయే ఈ పుండు కుందేలుకు మెదడువాపు తేగలదు. ఈ వైరస్ కుందేళ్లకు సోకుతుందని సుమారు 100 ఏళ్ల క్రితమే, పొక్కులోని రసాన్ని కుందేలు కంటికి అంటించి చూసిన వైద్యులు గుర్తించారు. ఆ తర్వాత ఇళ్లలో పెరిగే కుందేళ్లలోనూ ఈ జబ్బు బయటపడింది. అలాంటివి అరుదే అయినా, సోకిన కుందేళ్లు దాదాపుగా బతకలేదు. అందుకే పొక్కులు పూర్తిగా ఎండి పక్కులు రాలిపోయేదాకా పాప వాటిని ముద్దాడకుండా, ఎత్తుకోకుండా చూడండి. మేత వేసే పని చేతులు సబ్బుతో కడుక్కుని మీరే చేయండి. పాపను కోప్పడకుండా, దూరం నుంచి చూడమని నచ్చజెప్పండి. తన ప్రేమ వల్లే కుందేలుకు హాని జరిగిందన్న దిగులు ఆ పసిమనసులో పడకూడదు.

ఇంట్లో ఎవరికైనా తామర ఉంటే వారికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది, ఎందుకంటే అది మనుషుల నుంచి కుందేళ్లకు, కుందేళ్ల నుంచి మనుషులకు కూడా పాకుతుంది.

తుమ్ముతున్న కుందేలును ఒకటి రెండు రోజుల్లో కుందేళ్ల వైద్యం తెలిసిన పశువైద్యుడికి చూపించండి. అయితే కుందేలు ముక్కుతోనే ఊపిరి తీసుకుంటుంది కాబట్టి, నోరు తెరిచి ఆయాసపడుతున్నా, 12 గంటలుగా మేత ముట్టకపోయినా, చొంగ కారుస్తూ ఒకే వైపు గుండ్రంగా తిరుగుతున్నా, మూర్ఛ వచ్చినా, రాత్రయినా సరే తెల్లవారేదాకా ఆగకుండా తీసుకెళ్లండి. పాప పెదవి మీద పొక్కులున్న సంగతి కూడా ఆ వైద్యుడికి తప్పకుండా చెప్పండి.